మెత్తగున్న కట్ట

మా జగిత్యాల కాలేజీ ముందున్న చాయ్ కొట్టతను ఈ మధ్య గాజు గ్లాసులు ఎత్తేసి కాగితపు కప్పులు పెట్టాడు. రెండో గుక్కకే చాయ్ చల్లారిపోతుంది, మూడో గుక్క నుంచి అట్టపెట్టె రుచి మొదలవుతుంది. ఎందుకిలా అని అడిగితే, "అందరికి గివ్వే ఇష్టం సార్" అన్నాడు. "అందరంటే ఎవరు?" అన్నాను. అతను చుట్టూ చూశాడు. ఆ పూట అక్కడ నేనూ, బెంచీ చివర బీడీ ముట్టిస్తున్న ఒక పెద్దాయనా తప్ప ఎవరూ లేరు. ఆ పెద్దాయన చాయే తాగడం లేదు. ఇంతలో ఆయన బీడీ పొగ నా దాకా వచ్చింది. నేను బీడీ తాగను. అయినా ఆ తంబాకు వాసన తగిలితే నా కుడిచేతి బొటనవేలు చేతికి అందినదాన్ని నొక్కి చూస్తుంది. ఆ రోజు కాగితపు కప్పును నొక్కింది. నా చొక్కా మీది మరకకు గంగారాం సార్‌ను బాధ్యుణ్ని చేయడం అన్యాయమే కానీ, అబద్ధం కాదు.

గంగారాం సార్ మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు పేపర్లో పడలేదు, ఆయనకెవరూ శాలువా కప్పలేదు. రాయికల్‌లో ఒక బీడీ కార్ఖానాకు మేనేజరు. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చి పోయేవాడు. నేను సిరిసిల్లవాణ్ని. డిగ్రీ అయిపోయాక, పై చదువుకు సీటు వచ్చేదాకా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మా బాపు చూడలేక ఆయన దగ్గర రాతపనికి పెట్టించాడు. డిగ్రీలో తర్కశాస్త్రం ఒక పేపరుగా చదివాను కాబట్టి, వాదించడం నాకు వచ్చునని నా నమ్మకం. దానికి ఆధారం ఆ పేపరులో నాకు వచ్చిన మార్కులు. అవి చూపించదగిన ఆధారమేమీ కాదు.

పొద్దున్నే ఆడవాళ్లు ఇంట్లో చేసిన బీడీలను కట్టలు కట్టి చాటల్లో పెట్టుకుని వచ్చేవాళ్లు. సార్ ఒక్కో కట్టనూ చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. కట్ట గట్టిగా ఉంటే పక్కకు పెట్టేవాడు. వేలు లోపలికి దిగితే దారం విప్పి ఒక్కో బీడీనీ చూసేవాడు. మొదటి వారంలోనే నేను నా చదువును వినియోగంలోకి తెచ్చాను.

"అన్ని కట్టలూ విప్పి చూస్తే ఇంకా మంచిది కదా సార్?"

"ఇప్పినంక మల్ల ఎవలు కడ్తరు? నువ్వా?" అన్నాడు తలెత్తకుండానే. "నొక్కు. లోపలికి పోతె ఇప్పు. పోకపోతె పక్కకు పెట్టు. గంతే."

తర్వాత ఎం.ఏ.లో ఇదే విషయం మీద చాలా పేజీలు చదివాను. వాదనలో ఏ మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోవచ్చు, ఏ మాట కింద ఇంకో ఆధారం పెట్టాలి అని. ఆ పుస్తకాలు రాసినవాళ్లు బీడీ కట్టను పట్టుకుని చూసి ఉండరు. అందుకే అన్ని పేజీలు పట్టింది.

అసలు సంగతి వానాకాలం నాట్లప్పుడు జరిగింది. రాజవ్వ అనే ఆమె చాటలో వరసగా రెండు రోజులు మూతులు చీలిన కట్టలు వచ్చాయి. బీడీ చివర తునికాకును గోటితో లోపలికి మడిచే చోటును మూతి అంటారు. అది చీలితే తంబాకు రాలిపోతుంది. ఎవరు చేశారో తేల్చి కార్డు రద్దు చేయమని కోరుట్ల నుంచి కార్ఖానా యజమాని సేటు కబురు పంపాడు. ఆమె ఫొటో, ఊరు, ఫోన్ నంబరు ఉన్న చిన్న అట్టముక్క ఆ కార్డు. దాని మీదే ఆకు, తంబాకు ఇస్తారు. దాని మీదే పీఎఫ్, దవాఖాన. రాజవ్వ భర్త మస్కట్ నుంచి నడుము విరగ్గొట్టుకుని తిరిగొచ్చిన మనిషి. ఆ ఇల్లు ఆ అట్టముక్క మీదే నిలబడి ఉంది. ఇదంతా తెలిసే నేను ఉత్తరం రాశాను: చెడిపోయిన కట్టలు రాజవ్వ చాటలో దొరికాయి, కాబట్టి అవి రాజవ్వ చేసినవి, కాబట్టి ఆమె కార్డు రద్దు చేయవచ్చు. రెండు 'కాబట్టి'లు పడ్డందుకు లోలోపల మురిసిపోయాను కూడా.

సార్ ఉత్తరం చదివి, మొదటి 'కాబట్టి' మీద బొటనవేలు పెట్టాడు.

"గిది మెత్తగుంది."

"ఏది సార్?"

"చాట ఆమెదే. నేనూ చూసిన, నువ్వూ చూసినవ్. దాన్ని ఎవ్వలు కాదనరు, ఇడిసిపెట్టు. చాట ఆమెదైతె కట్టలు గూడ ఆమెయే అని ఎట్లంటవ్?"

"ఇంకెవరివి అవుతాయి సార్?"

"అడుగుతున్నది నేను."

సిరిసిల్లలో మా బాపు నడిపే సాంచా, అంటే మరమగ్గం మీద బట్టలో తప్పు పడితే అది మా బాపు తప్పే. ఆయన నడుపుతున్న సాంచా మీద ఇంకొకరు చెయ్యి వేయరు. ఆ లెక్కను నేను సంచీలో పెట్టుకుని రాయికల్‌కు తెచ్చానని నాకే తెలియదు. ఇక్కడ నాట్ల రోజుల్లో ఇద్దరు ఆడవాళ్లు వంతులు వేసుకుంటారు. ఒకామె పొలానికి పోతే రెండో ఆమె రెండు చాటలూ తెస్తుంది, ఒకదాంట్లో తక్కువ పడితే రెండోదాంట్లోంచి తీసి నింపుతుంది. పక్కింటి లచ్చవ్వ రెండు చాటలతో రావడం నేను వారం నుంచీ చూస్తున్నాను. నా కళ్లు చూశాయి, నా 'కాబట్టి' చూడలేదు.

"అయితే అవి లచ్చవ్వవే సార్" అన్నాను వెంటనే.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఒకామె మెడల నుంచి తీసి ఇంకొకామె మెడల ఏస్తున్నవ్. గిది ఇంకా మెత్తగుంది. మొదటిదానికి, రాసుకొచ్చినందుకన్న జర ఇజ్జతుండె."

అవమానం మనిషిని మార్చేస్తుంది. మర్నాడు నేను కనిపించినదాన్నల్లా నొక్కడం మొదలుపెట్టాను. ఒకామె పిల్లకు జ్వరం, ముందుగా ఆకు ఇస్తే పోతానంటే, డాక్టరు చీటీ ఏదని అడిగాను. లోపలి నుంచి సార్ గొంతు వినిపించింది.

"ఓ శీనూ! పొల్ల ఆమె సంకలనే ఉన్నది. చెయ్యి పెట్టి చూడు, కాలుతుంది. చీటి ఏందిరా?"

"నొక్కమన్నది మీరే కదా సార్."

"నొక్కుమన్న. గట్టిగున్నదాన్ని ఇప్పుమన్ననా? ఎదుటోనికి నిజంగ అనుమానమున్న కాడ నొక్కు. తప్పయితె ఒకల కడుపు మీద కొట్టేటి కాడ ఇంకింత గట్టిగ నొక్కు. రెండూ లేకుంటె ఆకిచ్చి పంపియ్."

నేను ఆకు ఇచ్చి పంపాను. ఆ మూడు మాటలకు మించి ఈ విషయం మీద నేను ఇప్పటిదాకా కొత్తగా నేర్చుకున్నది లేదు. దాన్నే కాలేజీలో చెబుతున్నందుకు జీతం మాత్రం తీసుకుంటున్నాను.

మూడోనాడు వేరే రెండు చాటల్లో కూడా చీలిన మూతులు కనిపించాయి. సార్ గోదాం నుంచి ఆ వారం పంచిన ఆకే ఒక కట్ట తెప్పించాడు. తడిపించాడు. తర్వాత, మేనేజరు కుర్చీలోంచి లేచి, ఆడవాళ్ల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకున్నాడు. కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మేనేజరు నేల మీద కూర్చున్నందుకు నవ్వుతున్నారనుకున్నాను.

"సార్ చేసిన బీడీ ఎవడు తాగుతడో గని, వాడు బీడీ బందు పెడ్తడు" అంది లచ్చవ్వ.

"మా అవ్వ దినాం వెయ్యి చేసేది. నేను ఆమె పక్కపొంటి కూసోనే ఎక్కాలు చదివిన" అన్నాడాయన. అది చెప్పడానికి గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

పది బీడీలు చుట్టాడు. ఏడు మూతులు చీలాయి. అదే ఆకు ముగ్గురు ఆడవాళ్లకిచ్చి చేయించాడు. వాళ్లవీ చీలాయి. ఎంత తడిపినా ఆ ఆకు అప్పడంలా విరుగుతోంది.

"గిప్పుడు రాయి" అన్నాడు. "తప్పు ఆకుది."

"సేటు ఒప్పుకోడు సార్. ఆ ఆకు కొన్నది సేటు బామ్మర్ది."

"అందుకే గద కూసోని చేసింది. ఒప్పుకునేటోనికైతె నోటిమాట సాలు."

ఉత్తరానికి ఆ పది బీడీలూ దారంతో కట్టి, కింద తన పేరు రాసి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోయినా పోవచ్చని ఆయనకు తెలుసు, పెన్ను పట్టుకున్న నాకూ తెలుసు. సేటు నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆకు మాత్రం వారంలో మారింది. రాజవ్వ కార్డు రాజవ్వ దగ్గరే ఉంది. నా జీవితంలో నేను రాసిన గట్టి వాక్యం 'తప్పు ఆకుది' ఒక్కటే. అది కూడా నాది కాదు.

సార్ పోయి రెండేళ్లయింది. కోరుట్లలో ఆయన్ని చివరిసారి చూడటానికి పోయినప్పుడు కూడా నేను చూసింది ఆ కుడిచేతి బొటనవేలినే. గోరు పక్కన తంబాకు రంగు అలాగే ఉంది. ఇప్పుడు మా కాలేజీలో పిల్లలు ఏటా ఒక ప్రశ్న అడుగుతారు: ప్రతి మాటకూ ఆధారం అడుగుతూ పోతే ఎక్కడ ఆగాలి సార్ అని. నేను బోర్డు వైపు తిరగను. బొటనవేలు చూపిస్తాను, ఈ కథ చెబుతాను. నన్ను వెనకాల 'నొక్కుడు సార్' అంటారట. ఇప్పటిదాకా నాకు దొరికిన బిరుదు అదే, సంతోషంగానే మోస్తున్నాను.

క్లాసులో కథను సార్ సంతకంతో ఆపేస్తాను. ఆ మర్నాడు జరిగింది మాత్రం చెప్పను. నాట్లు అయిపోయి రాజవ్వ చాట పట్టుకుని తనే వచ్చింది, గోళ్లలో ఇంకా బురద ఉంది. జరిగిందంతా ఆమెకు చెప్పమన్నాడు సార్. చాట సంగతి, 'కాబట్టి' సంగతి, పది బీడీల సంగతి, అన్నీ వరసగా, ఉన్నదానికంటే కొంచెం గొప్పగానే చెప్పాను. సార్ కూడా వద్దనకుండా వింటూ కూర్చున్నాడు. ఆమె చాట కింద పెట్టి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మూడు దినాలు గీ తండ్లాట పడ్డరా? ఆకు మంచిది కాదని మా ఆడోళ్లందరికి మొదటి దినమే ఎరుక. ఒక్కలన్న మమ్ముల అడిగిండ్రా?"