లాభం, రెండు, మూడు

చుండూరు దగ్గర ఒక రైస్ మిల్లులో పద్నాలుగేళ్లు కాటా పక్కన నిలబడి బస్తాలు లెక్కపెట్టిన బర్నబాస్ దేన్నీ ఒక పట్టాన నమ్మడు. కాఫీలో పంచదార వేశానని ఇల్లాలు చెప్పినా చెంచా పెట్టి తిప్పి చూసుకునే రకం. ఊక దుమ్ముకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంకో పంటకాలం మిల్లులో ఉంటే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో వేరే పని వెతుక్కోక తప్పలేదు. ఎప్పుడో చదివిన డిగ్రీ పట్టుకుని తెనాలిలో, చెప్పుల షాపు పైన, ఆరు నెలల్లో కోడింగ్ నేర్పి ఉద్యోగం చూపిస్తామన్న చోట చేరాడు.

చేరాడేగానీ నమ్మలేదు. ఉద్యోగాలొచ్చిన వాళ్ల ఫొటోలు గోడ నిండా ఉన్నాయి. అందులో ఉన్న రేపల్లె ప్రేమ్ కుమార్ అసలు పుట్టాడో లేదో తేల్చుకోవడానికి ఓ ఆదివారం బస్సెక్కాడు. పుట్టాడు. ఒకప్పుడు పెళ్లిళ్లకి వీడియోలు తీసిన ఆ మనిషి ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి పనిచేస్తున్నాడు. బర్నబాస్ అరగంట సేపు అతని వెనకే నిలబడి ఆ పని కళ్లారా చూసి మరీ వచ్చాడు.

మూడో వారంలో గొడవైంది. కోడింగ్‌లో లెక్క సున్నాతో మొదలవుతుందని, వరుసలో మొదటిదాని నంబరు సున్నా అని పాఠం చెప్పే మైథిలి మేడం బోర్డు మీద రాసింది. బర్నబాస్ లేచాడు.

"మొదటి బస్తాని సున్నా అన్నారంటే ఒక బస్తా నొక్కేసినట్టేనండి. ఇలాంటి లెక్కలు నేను చాలా చూశాను."

క్లాసంతా నవ్వింది, మేడం తప్ప. "మరి మీరెలా లెక్కపెడతారండి?"

"లాభం, రెండు, మూడు..."

"ఒకటి ఏమైంది?"

"ఒకటి అనకూడదండి. లాభంతోనే మొదలెట్టాలి."

"అయితే మీ మిల్లులో ఆ బస్తా ఎవరు నొక్కేశారు?"

బర్నబాస్ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టి చూసుకున్నాడు. పేరు ఏదైతేనేం, బస్తా ఎక్కడికీ పోదు. అంతవరకూ తెల్లగా ఉన్న నోటుపుస్తకంలో ఆ రోజే మొదటి మాట రాసుకున్నాడు.

కోర్సు అయ్యాక బాపట్లలో ఒక చిన్న కంపెనీ అతన్ని తీసుకుంది. మిల్లుల్లో బస్తాలు లెక్కపెట్టే కెమెరాలకి వాళ్లు ప్రోగ్రాములు రాస్తారు. ప్రతిదాన్నీ అనుమానించి తప్పులు పట్టే మనిషి వాళ్లకి కావాలి. దగ్గు తగ్గింది. కంపెనీ బోర్డు ఉందో ఎత్తేశారో చూసుకున్నాకే రోజూ లోపలికి వెళ్లేవాడు.

మొన్న కోతల తర్వాత కెమెరా బిగించమని పంపింది మరెక్కడికో కాదు, తన పాత మిల్లుకే. కాటా దగ్గర కొండయ్య ఉన్నాడు. బర్నబాసే పని నేర్పి తన చోట నిలబెట్టిన మనిషి. బిగించడం అయ్యేదాకా కొండయ్య బస్తాలు లెక్కపెడుతూనే ఉన్నాడు.

"అన్నా, ఇది నాకు సాయంగా పెట్టారా, నా బదులు పెట్టారా?"

బర్నబాస్‌కి జవాబు తెలుసు. అది నోటితో చెప్పడానికి సిగ్గేసింది, బాధా వేసింది.

"తెనాలిలో ఆరు నెలల క్లాసొకటుంది కొండయ్యా. మంచిది. నా మాట విని చేరు" అన్నాడు.

కొండయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"మనిషిని చేర్పిస్తే నీకేమిస్తారన్నా?" అని అడిగాడు.