వంతెన అవతలే చెల్లే చదువు

మా వదిన లెక్కల టీచరు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, లెక్క తప్పిన పిల్లల మీద ఏనాడూ విసుక్కోలేదు. తప్పు ఎక్కడ మొదలైందో వాళ్ల చేతే వెతికించేది. పదిహేడేళ్లు ఒకే బడిలో అలా గడిపింది.

అన్నయ్యకు నది అవతలి ఊరికి బదిలీ అయింది. వంతెన దాటితే అదే ఎండ, అదే భాష. కానీ రాష్ట్రం వేరు. అక్కడ లెక్కల టీచర్లకు కరువని విని, వదిన ఉన్న ఉద్యోగం వదులుకొని వచ్చింది.

కరువు నిజమే. వాళ్లమ్మాయి, నా మేనకోడలు చేరిన బడిలోనే ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేవాళ్లు లేరు. డ్రిల్లు మాస్టారు పుస్తకం పట్టుకొని, లెక్కల్ని కథల్లా పైకి చదివించేవాడు. పాపం, ఆయన్ని అని ఏం లాభం? చెప్పమన్నారు, చెప్పాడు.

వదిన విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లింది. ఆమె శిక్షణ ఒక్క ఏడాదే అనీ, ఇక్కడ రెండేళ్లది ఉండాలనీ అక్కడి గుమాస్తా చెప్పాడు.

"నేను చదివే రోజుల్లో ఇక్కడా ఒక్క ఏడాదే కదండీ?" అని అడిగింది వదిన.

"అవునమ్మా. అప్పుడు ఇక్కడ చదివినవాళ్లకి అది చెల్లుతుంది. మీరు ఇక్కడ చదవలేదుగా."

పదిహేడేళ్ల అనుభవం మాటేమిటంటే, అది ఆ రాష్ట్రపు అనుభవమన్నాడు. పోనీ పరీక్ష పెట్టండి, రాస్తానంది. పరీక్షకు కూర్చోవాలన్నా రెండేళ్ల శిక్షణ ఉండాల్సిందేనట. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నది దాటితే త్రిభుజానికి నాలుగో మూల మొలుస్తుందా?

మేనకోడలి బడి హెడ్మాస్టరు మంచివాడు. సహాయకురాలి పేరుతో వదినను తీసుకొని ఎనిమిదో తరగతి అప్పగించాడు. నెల తిరిగేసరికి పిల్లలు బోర్డు దగ్గరికి రావడానికి పోటీ పడుతున్నారని మేనకోడలు మురిసిపోతూ చెప్పింది.

అంతలో పై అధికారి తనిఖీకి వచ్చాడు. హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చి, కాసేపు స్టాఫ్ రూములో కూర్చోమని వదినను బతిమాలాడు. ఆమె చాక్‌పీసు కింద పెట్టలేదు.

అధికారి లోపలికి వచ్చి ఎవరు మీరని అడిగాడు. లెక్కలు చెప్పేదాన్నంది.

"మీకు అర్హత ఉందా?"

"ఉందండీ. మీరే ఒప్పుకోవడం లేదు."

బయటికి నడవమన్నాడు. సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి వస్తానని చెప్పి, నిజంగానే పూర్తిచేసి వచ్చింది. ఆయన రెండు నిమిషాలు వింటే తెలిసేది ఆమె ఎలా చెబుతుందో. ఆ ఓపిక ఎవరికుంది? మర్నాటి నుంచి రావద్దని కబురు వచ్చింది. డ్రిల్లు మాస్టారు మళ్లీ పుస్తకం అందుకున్నాడు.

పోనీలే, ఇంట్లో ట్యూషన్లు చెప్పుకోమని అన్నయ్య సర్దిచెప్పబోయాడు.

"నేనేం తప్పు చేశానని ఇంట్లో దాక్కోవాలి?" అంది వదిన.

ఆమె పాత బడికి వెళ్లి అడిగింది. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, సంతోషంగా తీసుకున్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటుతుంది. దాటగానే టీచరవుతుంది, సాయంత్రం తిరిగొచ్చేసరికి అర్హత లేని మనిషవుతుంది. నన్నూ అక్కడే చేర్పించమ్మా అని మేనకోడలు గొడవ చేస్తే, మరి నీ పక్కన కూర్చునేవాళ్ల గతేమిటని అడిగిందట.

అందుకే తన శిక్షణను గుర్తించమని అర్జీ పెట్టి, ఆ విద్యాశాఖ కార్యాలయాన్ని వదలడం లేదు. వెళ్లినప్పుడల్లా అర్జీ పరిశీలనలో ఉందంటారు. నిన్న ఆమె బడికి సెలవు పెట్టి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. అదే మాట. ఎంతవరకు వచ్చిందో కనుక్కోవాలంటే సాయంత్రం దాకా పడుతుంది, కూర్చోండమ్మా అని గుమాస్తా కుర్చీ చూపించాడు.

వదిన కూర్చోలేదు. పరిశీలిస్తున్నది ఎవరో, ఏ గదిలో ఉంటారో చెప్పమంది.