జాక్ కింద చెక్క ముక్క

ఆ ఆదివారం ఉదయం కొల్లేరు ఒడ్డున మా ఇంటి పెరట్లో నేనూ, చేపల చెరువుల మీద ట్రాక్టర్ నడిపే మా బాబాయీ ఉన్నాం. మిగతావి: ఏలూరులో కొన్న ఇరవై ఏళ్లనాటి స్పోర్ట్స్ కారు, రెండు టన్నుల జాక్, పానాల పెట్టె, రాత్రి వానకు నానిన నల్లమట్టి.

మూడు వారాలుగా ఇంజిన్ ఆయిల్ కారుతోంది. ఎక్కడి నుంచో తేలేదాకా నాకు కుదురు లేదు. కారు ముందు భాగాన్ని జాక్‌తో లేపి కిందికి దూరాను.

"ఇంజినీరు గారూ, జాక్ కింద చెక్క పెట్టలేదేంటండీ?" అన్నారు బాబాయి వెటకారంగా.

"లెక్క చూసుకున్నాను బాబాయ్. కారు టన్నుకు కాస్త ఎక్కువ. జాక్ రెండు టన్నులు మోస్తుంది."

"జాక్ మోస్తుందిలే. నేల మొయ్యొద్దా? ముందు బయటికి రారా."

ఆయన పోరు పడలేక విసుక్కుంటూ బయటికొచ్చి, చెక్క కోసం షెడ్డు వైపు నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక మెత్తని చప్పుడైంది. జాక్ బురదలో ఒరిగిపోయింది. కారు కిందికి దిగిపోయింది.

బరువు ఎంతో లెక్కవేశాను కానీ, అది చివరికి దేని మీద ఆగుతుందో చూడలేదు.

షెడ్డులోంచి టేపు తెచ్చి కొలిచాను. వెల్లకిలా పడుకుంటే నా ఛాతీ ఎత్తు తొమ్మిది అంగుళాలు. కారు కింద మిగిలిన ఖాళీ నాలుగున్నర.