తలుపుకు వీపు పెట్టిన బెంచీ

మా పక్కింటి సిస్టరమ్మ పోయింది. మొన్న మంగళవారం ఎండెక్కినా పాల ప్యాకెట్టు గేటుకే వేలాడుతుంటే నేనే గోడ దూకి వెళ్ళాను. కుర్చీలో కూచునే పోయింది, కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. జమ్మలమడుగులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక ప్రొద్దుటూరులో మా పక్కన చేరిన మనిషి. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే తప్ప నాకు అన్నం సయించేలా లేదు.

ఫ్యాక్షన్ రోజుల్లో రెండు వర్గాల గాయాలనూ కుట్టిన చేతులవి. వార్డుకు ఈ చివర వీళ్ళు, ఆ చివర వాళ్ళు, మధ్యలో ఈమె. "ఎంత మొనగాడైనా సూది సూస్తే మొగం తిప్పుకుంటాడప్పా" అని నవ్వేది.

ఆమె ముందుగదిలో ఒక బెంచీ ఉండేది, తలుపుకు వీపు పెట్టి. మా వైపు మగవాళ్ళు అలా కూచోరు. ఎవరింటికి వెళ్ళినా గోడ వెతుక్కుని, వాకిలి కనబడేలా కూచుంటారు. కత్తులూ బాంబులూ తగ్గినా ఆ అలవాటు మాత్రం చావలేదు. మా పెదనాయన ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద తలకాయ కాబట్టి నాకూ అది అంటుకుంది. నేను నేలమీదే గోడకు ఆనుకునేవాణ్ణి. బెంచీ తిప్పుదామంటే ఒప్పుకునేది కాదు.

"ఉండనీలే. దాని మీద కూసునే మగోడు ఎప్పుడన్నా వస్తాడు."

జపాను సీరియలు ఆమెకు చూపించింది నేనే. ఫోను నీళ్ళ చెంబుకు ఆనించి, కింద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. కథ పెద్దదేం కాదు. ఒకడు సైకిళ్ళు బాగుచేస్తాడు, ఇంకొకడికి లైబ్రరీలో పని. ఇద్దరూ ప్రేమించుకుంటారు. ఆరో భాగం దాకా చెయ్యి కూడా పట్టుకోరు. ఒకడు మరిచిపోయిన గొడుగును రెండోవాడు మూడు భాగాలు గడిచినా తిరిగి ఇవ్వలేడు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ చూసి చర్చి ప్రార్థన ఎన్నడూ మానని ఈవిడ ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఆమె విసుక్కున్నది గొడుగు గురించే. "ఇచ్చెయ్‌రా సామీ, వాన నిలిచిపోతాంది!"

అందులో ఏం నచ్చిందని ఒకసారి అడిగాను.

"తలుపుకు వీపు పెట్టి అన్నం తింటాండారు సూడు ఇద్దరూ" అంది. "భయం వాళ్ళకూ ఉంది. ఎవడో వచ్చి సంపుతాడని కాదు, ఎదుటోడు కాదంటాడేమోనని. అంత మంచి భయం మన మగోళ్ళకు యాడ దొరికింది నాయనా?"

ఆ మాటకు నేను దాచుకున్నదంతా బయటికొచ్చింది. పులివెందులలో చీనీ (బత్తాయి) తోటలున్న ఇంటి మనిషి, బోరు మోటార్లు బాగుచేస్తాడు, నాలుగేళ్ళుగా నా ప్రాణం. వాళ్ళది అవతలి పార్టీ. ఆమె గుడ్లేమీ తేలెయ్యలేదు. "ఆదివారం తీస్కరా. నాటుకోడి వండుతా" అంది.

అది ఎన్నికల ముందరి ఆదివారం. తిని, ముగ్గురం ఆరో భాగం చూస్తున్నాం. బయట కారు ఆగింది, పెదనాయన గొంతు వినిపించింది. అతని ముఖంలో వాళ్ళ ఇంటి పోలిక ఆయన ఇట్టే పట్టేస్తాడు. నేను అమ్ముడుపోయానని మావాళ్ళు, అతను అమ్ముడుపోయాడని వాళ్ళవాళ్ళు అనుకుంటారు. అసలు సంగతి చెబితే ఇంకా ఘోరం. ఆ ఇంటికి పెరటి దారి లేదు.

సిస్టరమ్మ అతన్ని మంచం మీద గోడవైపు తిప్పి పడుకోబెట్టి, తలదాకా దుప్పటి కప్పి, సెలైన్ బాటిలు తగిలించింది. సూది నిజంగానే గుచ్చింది. దొంగ వైద్యమైనా ఆమెకు సక్రమంగానే జరగాలి.

పెదనాయన ఇద్దరు మనుషులతో లోపలికొచ్చాడు. "అవతలోళ్ళతో తిరుగుతాండావంట. ఎవురబ్బీ వాడు?"

ఆయన మనిషొకడు మంచం వైపు కదిలాడు.

"దగ్గరికి పోవాకప్పా, విషజ్వరం. అంటుకుంటాది" అంది సిస్టరమ్మ.

వాడు ఆగిపోయాడు. ఫోను మాత్రం ఇంకా జపాను భాషలో మాట్లాడుతోంది. ఆపడం మరిచిపోయాం. పెదనాయన వంగి చూశాడు. కాలవ గట్టున ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. తలెత్తి సిస్టరమ్మను అడిగాడు.

"రాజీ అయినారా?"

మా వైపు ఇద్దరు మగవాళ్ళ చేతులు కలపడమంటే అదే. పగ తీరాక పెద్దమనుషులు కూచుని కలిపిస్తారు. ఆయనకు ఇంకో అర్థం తట్టే దారే లేదు.

"అయినారప్పా."

"పెద్దమనిషి ఎవురు?"

"ఎవురూ ల్యారు. వాళ్ళంతట వాళ్ళే."

"అట్లయితే నిలబడదు" అని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. కారు కదిలాక సిస్టరమ్మ సూది తీసి దూది అదిమింది. నాకు ఏడుపొచ్చింది.

బుధవారం సమాధి. శవపెట్టె ముందుగదిలో ఉంచారు. ఆమె కుట్లు రెండు పార్టీల ఒంటి మీదా ఉన్నాయి, రెండు వైపుల వాళ్ళూ వచ్చి గోడల వెంట నిలబడ్డారు. పులివెందుల నుంచి అతనొచ్చాడు. నేరుగా వెళ్ళి ఖాళీగా ఉన్న ఆ బెంచీ మీద కూచున్నాడు, తలుపుకు వీపు పెట్టి. నా వైపు చూశాడు. పెదనాయన కూడా చూస్తున్నాడు. వెళ్ళి పక్కన కూచున్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను.

పెదనాయన మా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ ముఖం ఏ ఇంటిదో పోల్చుకున్నాడు.

"ఎప్పుడైంది రాజీ?"

"శానా దినాలైంది పెదనాయనా."

"పెద్దమనిషి ఎవురు?"

అతనే పెట్టె వైపు చూపించాడు.

పెదనాయన పెట్టె వైపు చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలీదు. కుర్చీ ఒకటి లాక్కుని మాకు ఎదురుగా కూచున్నాడు. పాట అయ్యేదాకా, ప్రార్థన అయ్యేదాకా, మా వీపుల వెనకున్న వాకిలినే చూస్తూ ఉన్నాడు.