కల్పలత లాగిన్‌లో పలకని తెలుగు

మారేడ్‌పల్లిలో ఓ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే కల్పలతకు పుట్టుకతోనే చూపు లేదు. పిల్లలు టైపు చేసిచ్చిన జవాబులను ఆమెకు చదివి వినిపించేది ఓ చిన్న పైథాన్ స్క్రిప్టు, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్. పాత శిష్యుడు ఉదయ్ భాస్కర్ రాసిచ్చాడు. ఆ గొంతు అప్పుడప్పుడూ ఒత్తులు మింగేది. మనుషులు మాత్రం మింగడం లేదా ఏమిటి! దాని పుణ్యమా అని పేపర్లు దిద్దడానికి ఆమె ఎవరినీ బతిమాలుకోవలసి రాలేదు.

కాలేజీలో కొత్త హాజరు సాఫ్ట్‌వేర్ పెట్టిన మర్నాడు స్క్రిప్టు మూగబోయింది. కంప్యూటర్‌లో ఇంగ్లీషు చదివే మరో గొంతు మాత్రం ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ఏదో ఎర్రర్ చెప్పి ఊరుకుంది. సోమవారానికి మార్కులు ఇవ్వకపోతే పేపర్లు వేరేవాళ్లకు పోతాయి. కల్పలత కంగారుగా ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది.

“మేడమ్, ఆ సాఫ్ట్‌వేర్ తన ఎంబడి ఒక పాత లైబ్రరీ, అంటే ప్రోగ్రాములు వాడుకునే కోడు ఫైలు, తెచ్చింది. మన లైబ్రరీకి సుత అదే పేరు. ముందు యాడ వెతకాల్నో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మీ లాగిన్‌ల వాళ్ల ఫోల్డర్ దిక్కు చూపిస్తున్నది. మన స్క్రిప్టు అడిగేది ఆ పాతదాంట్ల లేదు. మన స్క్రిప్టు వరకు ఆ వేరియబుల్ తీసేస్తే అయిపాయె.”

తీసే అనుమతి లెక్చరర్లకు లేదు. అది కంప్యూటర్లు చూసే విశ్వతేజ చేతిలో ఉంది. అతడు చెడ్డవాడేమీ కాదు, పిలిచినప్పుడల్లా వస్తాడు. వచ్చి తన లాగిన్‌లో స్క్రిప్టు నడుపుతాడు. అక్కడ ఆ వేరియబుల్ లేదు కనుక అది గడగడా చదివేస్తుంది.

“పనిచేస్తోంది కదండీ మేడమ్!”

“నీ లాగిన్‌ల గాదు తేజా, నా లాగిన్‌ల జెర చూడు. ఆ వేరియబుల్ ఆడనే ఉన్నదట.”

“రెండూ ఒకటేనండీ” అని వెళ్లిపోతాడు. చెవులారా విన్నవాడిని ఎలా నమ్మించడం?

సోమవారం ప్రిన్సిపాల్ ఎదుటా అదే తంతు. “మంచిగనే చదువుతున్నది గదా మేడమ్” అన్నారాయన. కల్పలతకు ఒళ్లు మండింది. పట్టుబట్టి తన లాగిన్ తెరిపించి, తనే స్క్రిప్టు నడిపింది. అన్‌డిఫైన్డ్ సింబల్. హమ్మయ్య, ఇప్పటికైనా అందరూ విన్నారనుకుంది.

విశ్వతేజ ఎంతో మర్యాదగా ఆమె చూపుడువేలు పట్టుకుని కీబోర్డు మీద పెట్టాడు.

“ఇదిగోండి మేడమ్, ఎంటర్ ఇక్కడుంటుంది. పక్కది నొక్కినట్టున్నారు.”

ఏళ్ల తరబడి టైపు చేస్తున్న వేలది.

“పరేషాన్ గాకున్రి మేడమ్. పేపర్లు వేరేవాళ్లకు ఇస్త” అన్నారు ప్రిన్సిపాల్ జాలిగా.

తప్పు తనది కాదని ఇంకెలా చెప్పాలో కల్పలతకు తెలియలేదు. ఏడుపొచ్చింది. వేలు వెనక్కి తీసుకుని, సరేనని తలూపింది.