పాత క్వార్టర్ల వెనుక దగ్గిన నవరంగి

నా పరువు ఒక్క ఉదయంలో, అదీ నేల మీద పాకుతూ, ఎలా పోయిందో చెబుతాను. గుండె దిటవు లేని పాఠకులు ఈ పుట తిప్పేయవచ్చు. ఆనాడు నాకా సౌకర్యం లేకపోయింది.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నేను తార్నాకలో మా ఉదయపు నడక సంఘానికి అప్పట్లో అధ్యక్షుణ్ణి. వరుస తప్పరాదని, నడుస్తూ రాజకీయాలు మాట్లాడరాదని శాసించినవాణ్ణి. ఈ ఏడాది తొలకరిలో, పక్కనున్న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, పాత క్వార్టర్ల వెనుక పొదల్లో నవరంగి పిట్ట కూసిందని ఒక విద్యార్థిని ఆ కూతను రికార్డు చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వలసదారిలో నగరంలో కాసేపు ఆగిపోయే పిట్ట అది. ఒంటి నిండా రంగులే అయినా కంటబడడం అరుదు. దాని ఫొటోను ముందుగా గ్రూపులో పెట్టినవారే ఈ ఏటి అధ్యక్షులని నేనే ప్రకటించాను. నేను తప్ప ఇంకెవరు తీస్తారన్న ధీమా!

పోటీకి దిగినవారు ఒక్కరే: మా పై అంతస్తులో ఉండే ఓబుళరెడ్డి గారు, కడప నుంచి వచ్చి ఇక్కడ రిటైరైన ఇంజనీరు.

"రేప్పొద్దున ఏం చేస్తాండారు సార్?" అని లిఫ్టులో ఆరా తీశారు.

"మల్కాజ్‌గిరిలో మా బావమరిదిని చూడాలండీ."

"నేనూ గోల్నాకకు పోవల్లబ్బా. పెండ్లి పిలుపు."

ఇద్దరం ఒకరినొకరం నమ్మాము.

తెల్లవారింది గాని వెలుగు రాలేదు. మబ్బు నేలకు దిగినట్లుంది. మెడలో అల్లుడి కెమెరా, నెత్తిన మంకీ క్యాపు. తొలకరిలో మంకీ క్యాపేమిటని అడగకండి, దోమలకు ఋతువులు తెలియవు. గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"గా పాత క్వార్టర్ల దిక్కు పోకుండ్రి సార్. రెండు దినాల సంది గాడ ఎవరో ఈల ఏస్తున్రు. పోయి చూస్తే మనిషి కనవడడు."

"అది పిట్ట కూతయ్యా."

"పిట్టలు దగ్గుతయా సార్?"

తరగతికి ఆలస్యంగా వచ్చినవారికని దాచుకున్న చూపొకటి అతడికి ప్రసాదించి ముందుకు సాగాను.

క్వార్టర్లకు తలుపులు లేవు. ఒక గదిలో కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్లు. ఒక్క పిచ్చుకైనా కూయడం లేదు. ఫోనులో ఆ కూత పెట్టి, రెండు స్వరాలు పలకగానే పద్ధతిగా ఆపేశాను.

పొదల అవతలి నుంచి బదులు వచ్చింది. అవే రెండు స్వరాలు, అదే విరామం.

మళ్లీ పిలిచాను. మళ్లీ బదులు, ఈసారి దగ్గరగా. నేను అడుగు వేస్తే అటు ఆకులు కదిలాయి. నేను ఆగితే అవీ ఆగాయి. మరో ఈల. దాని వెంటే సన్నగా, పొడిగా, ఒక దగ్గు.

"ఎవరది?" అన్నాను. తరగతులను గడగడలాడించిన కంఠం సగమే బయటికి వచ్చింది.

ఈల. దగ్గు. వెంట్రుకవాసి తేడా లేని అదే దగ్గు! బతికున్న మనిషెవడూ ఒకే దగ్గును రెండుసార్లు దగ్గలేడు. ఆ ఆలోచన రాగానే పొదల చాటున మోకాళ్ల మీదికి దిగాను. గేటు వైపనుకుని పాకాను. ఆకులు చీలాయి. ఎదుట తెల్లటి ఒంటికన్ను భగ్గుమంది.

నేను కేక వేశాను. ఆ కన్నూ కేక వేసింది.

"ఓరి దేవుడా, దయ్యం!... ఏమబ్బా, సారా? మల్కాజ్‌గిరి ఈడికెప్పుడు జరిగినాది?"

"గోల్నాక జరిగినప్పుడేనండీ!"

రెడ్డి గారు రెండు రోజులుగా అక్కడే నక్కి ఆ రికార్డును చివరిదాకా వినిపిస్తున్నారట. చివర దగ్గింది దాన్ని పంపిన విద్యార్థిని. రెండు స్వరాలు దాటి నేనెన్నడూ విన్న పాపాన పోలేదు.

మోకాళ్ల మట్టి దులుపుకుని గంభీరంగా, "ఇది మన మధ్యే ఉండాలి," అన్నాను.

ఆయన ఫోను చూసి పాలిపోయారు. "ఆకులు కదిల్తే పిట్టే అనుకున్యా సార్. కండ్లద్దాలు గూడా లేవు. ముందు పెట్టినోళ్లదే గెలుపంటిరి గదా... మాట ముందే రాసి పెట్టుకోని, తీస్తానే పంపేసినా."

గ్రూపులో 'నవరంగి దొరికినాది!' అన్న మాట కింద నేను: ఫ్లాషు వెలుగులో నాలుగు కాళ్ల మీద, మంకీ క్యాపుతో, నోరు తెరుచుకుని.

సాయంత్రం సమావేశంలో అభ్యంతరం లేవదీశాను. "ఇది పక్షి కాదు!"

"కాకపోతే ఏంది సార్," అన్నాడొక సభ్యుడు, "మీరు గిట్ల పాకంగ ఇంతవరకు ఎవరన్న చూసిన్రా? ఇంతకన్న అరుదైంది ఈ సిటీల ఏమున్నది?"

ఏకగ్రీవంగా ఆమోదించారు. ఓబుళరెడ్డి గారు అధ్యక్షులయ్యారు.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఈ జన్మలో ఏ ఈలకూ బదులివ్వను. వంటింట్లో కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా సరే, లేవను. ఈ తీర్మానానికి ఇంట్లో ఆమోదం ఇంకా లభించలేదు.