అడ్డంగా పెట్టని రసమట్టం

మా అక్క పోయాక బావ రెండు నెలలు ఇంటి గుమ్మం దాటలేదు. ఆదివారం చర్చికి కూడా రాలేదు. కౌలు భూముల్లో మిరప, పత్తి పండించి, మోకాళ్లు అరిగాక మానేసిన మనిషి. ఎవరైనా పలకరిస్తే తల ఊపి ఊరుకునేవాడు. ఇలాగే వదిలేస్తే అక్క వెనకే వెళ్లిపోతాడని నాకు భయం వేసింది. రోజుకు ఒక గంటైనా ఆయన్ని బయటికి లాగాలని, గోల్ఫ్ ఆడదాం రమ్మన్నాను.

పెదకాకాని దగ్గర మేముండే కాలనీ పార్కులో, కాలవను ఆనుకుని, బిల్డరు తన బ్రోచరు కోసం వేయించిన చిన్న పచ్చిక ఉంది. అందులో మూడు గుంతలు. బంతిని దూరం కొట్టే పని లేదు. పటర్ అనే కర్రతో మెల్లగా గుంతలోకి దొర్లించడమే. మోకాళ్లకు శ్రమ ఉండదు. బావ మోపెడ్ మీద వచ్చి, కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "కలుపు తియ్యడానిక్కూడా పనికిరాదు కదరా ఇది" అన్నాడు. రెండు నెలల తర్వాత ఆయన నోట విన్న మొదటి వేళాకోళం అది. ఆ రోజు డైరీలో రాసుకున్నాను. తర్వాతి ఆదివారాల్లో చర్చికీ రాసాగాడు.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ముప్పై ఏళ్లు పలకలు తనిఖీ చేశాను. దారం, మూలమట్టం, రసమట్టం చెప్పిందే నాకు సత్యం. ఆటనూ అలాగే మొదలుపెట్టాను. గురి కుదరడానికి సాధనాలు తెప్పించాను. నేల మీద పరిచే గీతల అద్దం ఒకటి. వంగి చూసుకుంటే కళ్లు బంతికి సరిగ్గా పైన ఉన్నాయో లేదో తెలుస్తుంది. బంతి మధ్య నుంచి తగలకుండా దాటడానికి ఎదురెదురుగా గుచ్చే రెండు మేకులు. బంతి వెనక నుంచి గుంత అవతలి దాకా బిగించే తెల్ల దారం. దారం వెంట రసమట్టం పెట్టి చూశాను. దాని గాజు గొట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది. నేల చదునే అని రాసుకున్నాను.

బావ ఈ సరంజామా వైపు చూసేవాడు కాదు. బంతి వెనక నిలబడి కాసేపు నేలను చూసి, దారానికి నాలుగు వేళ్లు కుడిగా కొట్టేవాడు. బంతి కొద్దిగా వంపు తిరిగి గుంతలో పడేది. పది బంతుల్లో ఏడెనిమిది పడేవి. బంతిని పక్కకు కోసి కొడుతున్నాడు, అదృష్టం కొద్దీ పడుతున్నాయి అనుకున్నాను. నేను దారం వెంటే కొట్టేవాణ్ణి. నావి గుంత ఎడమ అంచు రాసుకుంటూ పోయేవి. అది నా ఎడమ మణికట్టు లోపం అని తేల్చుకున్నాను.

డైరీలో రెండు గడులు గీశాను: దారం వెంట వెళ్లిందా, గుంతలో పడిందా. గుంత తప్పితే ఎటు పోయిందో పక్కన రాసేవాణ్ణి. మొదటి గడిలో తప్పయితే రెండో గడిని లెక్కలోకి తీసుకోకూడదని నియమం పెట్టాను. అలా బావ గుంతలో వేసినవన్నీ నా పుస్తకంలో తప్పులయ్యాయి.

"నీ దారానికేం తెలుసురా. నీళ్లు పెట్టి చూడు, కాలవ వైపుకి పోతాయి" అన్నాడొక రోజు.

"ఇది మిరప తోట కాదు బావా. మట్టం పెట్టి చూశాను."

"పెట్టావులే."

అయినా నా మాటే విన్నాడు. "నా తమ్ముడు కొలిచాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అని అక్క అందరితో అంటుండేది. ఆ మాట కాదనలేకపోయాడేమో. నెల రోజుల్లో ఆయన్ని దారం మీదికి తెచ్చాను. అద్దంలో కళ్లు కుదిరాయి. మేకుల మధ్య నుంచి బంతి శుభ్రంగా వెళ్లింది. గుంతలో పడటం మాత్రం మానేసింది. వేళాకోళాలూ తగ్గాయి. అదీ నా డైరీలో ఉంది: "బావ ఇవాళ అసలు మాట్లాడలేదు. శ్రద్ధ పెరిగింది."

కాలనీ వార్షికోత్సవానికి పెద్దవాళ్లకు జంటల పోటీ పెట్టారు. నేనూ బావా ఒక జంట. మేం రోజూ ఆడే గుంతే, దారం తీసేశారు. నేను నేర్పినట్టే నిలబడి, నేర్పిన చోటికే మూడు బంతులు కొట్టాడు. మూడూ ఎడమగా పోయాయి. కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, మిరపకాయలు కోసే చేతులకి ఇది కుదురుతుందా అండీ అని నన్నడిగాడు. చుట్టూ నలుగురు నవ్వారు.

"ఎంత చెప్పినా వినడండీ" అన్నాను.

బావ విన్నాడు. కర్రను కుర్చీకి ఆనించి, మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు. తర్వాత నా బంతులూ ఎడమకే పోయాయి. వాటికి ఎవరూ నవ్వలేదు.

వారం తర్వాత, దారం కట్టుకుని ఒక్కణ్ణే ఆడుతున్నాను. తోటమాలి నీళ్ల పైపును కుడి పక్క గడ్డి మీద వదిలి ఏదో పని మీద వెళ్లాడు. నీళ్లు గడ్డి మొదళ్ల వెంట పాకుతూ వచ్చి, దారం కింద నుంచి దాటి, ఎడమ పక్కనున్న కాలవ వైపు తాపీగా సాగిపోయాయి. ఇంటికి వెళ్లి రసమట్టం తెచ్చాను. దారం వెంట పెడితే బుడగ నడుమ నిలిచింది. అడ్డంగా తిప్పితే ఎత్తుగా ఉన్న కుడి కొసకు పోయి ఆగింది. ముప్పై ఏళ్లలో ఏ పలకనూ నిలువునా, అడ్డంగా రెండు వైపులా చూడకుండా లారీ ఎక్కనివ్వలేదు నేను. డైరీ తిరగేస్తే పేజీ పేజీలో నా చేతిరాతే: ఎడమకు, ఎడమకు, ఎడమకు.

మర్నాడు బావ ఇంటికి వెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లలేక గీతల అద్దం పట్టుకెళ్లాను. నేల కాలవ వైపు వాలి ఉంది, నువ్వు చెప్పిందే నిజం అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"తెలిసి నా మాటెందుకు విన్నావు?"

"నువ్వు పిలిస్తే వచ్చాను, గంటసేపు నీతో గడుస్తుందని. గుంతలో పడితే ఎంత, పడకపోతే ఎంత." అద్దాన్ని అందుకుని పక్కన పెట్టి, "ఆ రోజు నలుగుర్లో అట్టా అనకుండా ఉండాల్సిందిరా" అన్నాడు.

మళ్లీ రమ్మన్నాను. మోకాళ్లు నొప్పులన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా మోకాళ్ల మాటే. చర్చిలో ఆయన కూర్చునే చోటు మళ్లీ ఖాళీగానే ఉంటోంది.

మొన్న వెళ్తే ఆ అద్దం పెరటి కిటికీ ఊచకు తీగతో కట్టి ఉంది. గడ్డం గీసుకోవడానికి కట్టానన్నాడు. వంకరగా వేలాడుతోంది. సరిచేయబోయి ఊరుకున్నాను. గీతల మీద దుమ్ము పేరుకుంది. ఆయన గడ్డం పదిహేను రోజులది.